సీతమ్మ గారు సగంలో ఆపిన అంతర్వేది యాత్ర

లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారు ఒకసారి అంతర్వేది నరసింహస్వామిని చూద్దామని పల్లకిలో బయల్దేరి, దారిలోంచే వెనక్కి వచ్చేశారు. గోదావరి జిల్లాల్లో ఈ కథ వినని ఇల్లు అరుదు. బోయీలు పల్లకి దించి అలుపు తీర్చుకుంటున్నచోట ఒక పెళ్ళివారి గుంపు కూడా ఆగిందట. ఆకలికి ఏడుస్తున్న పిల్లల్ని పెద్దవాళ్ళు "కాస్త ఓర్చుకోండి, గన్నవరం చేరితే సీతమ్మ గారు అన్నం పెడతారు" అని ఊరుకోబెడుతున్నారట. అది విని ఆవిడ పల్లకి తిప్పించేశారు. ఆవిడ పుట్టిన మండపేట నుంచి గన్నవరం మీదుగా, ఆవిడ చేరని అంతర్వేది దాకా మేము ఒక్క రోజులో వెళ్ళొచ్చాం. వెళ్ళదలచినవాళ్ళకి పనికొచ్చేవి రాస్తున్నాం.

పొద్దున్నే ఆరింటికల్లా మండపేట వదలాలి. సీతమ్మ గారు 1841లో ఇక్కడే పుట్టారు. తండ్రి భవానీశంకరం గారిని ఊరంతా 'బువ్వన్న' అనేవారట. పెట్టే చెయ్యి పుట్టింటి నుంచే వచ్చిందన్నమాట. ఆలమూరు మీదుగా జొన్నాడ వచ్చి, గౌతమి వంతెన దాటితే రావులపాలెం. టిఫిన్ ఇక్కడే కానిచ్చేయండి. కొత్తపేట, అంబాజీపేట మీదుగా గన్నవరానికి అంతా కొబ్బరితోటల దారి. కాయల లారీలు ఎదురైతే రోడ్డు ఇరుకైపోతుంది, వాటిని దాటే తొందర పెట్టుకోకండి. బోర్డుల మీద పి.గన్నవరం అని ఉన్నది చూసుకోండి. విజయవాడ పక్కనున్న గన్నవరం వేరు. మ్యాపులో ఉత్త 'గన్నవరం' అని కొడితే విమానాశ్రయం దగ్గర తేలతారు.

ఇక్కడ ముందు చూడాల్సింది అక్విడెక్టు. కింద వైనతేయ పాయ, దాని మీదుగా అడ్డంగా పంటకాలవ. పాతది కాటన్ దొర హయాంలో, 1850ల్లో కట్టారు. నలభై అడుగుల ఖానాలు 49. ఇంచుమించు సీతమ్మ గారు భర్త జోగన్న గారి ఇంటికి కాపురానికి వచ్చిన రోజుల్లోదే. 2000లో తెరిచిన కొత్త దానికి ఆవిడ పేరే పెట్టారు. ఆ పేరు గౌరవానికి పెట్టిందే కావచ్చు గానీ, మాకు మాత్రం అంతకంటే సరైన చోటు తోచలేదు. ఆవిడ పుట్టడానికి ఎనిమిదేళ్ళ ముందే తెలుగునాట 'డొక్కల కరువు' జనాన్ని ఊడ్చుకుపోయింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయి, కాలవలు పారి, ఈ లంకల్లో వరి నిలబడ్డాకే గాదెలు నిండాయి. జోగన్న గారు మోతుబరి రైతు. వేళాపాళా లేకుండా వచ్చేవాళ్ళకి పెట్టాలంటే మంచి మనసొక్కటే చాలదు, వడ్లు ఉండాలి.

వంతెన మీద నిలబడితే ఆ ఇల్లు ఎందుకంత రద్దీగా ఉండేదో తెలుస్తుంది. అంతర్వేది పోయేవాళ్ళు, పడవ దిగినవాళ్ళు, వరదకి రేవులో చిక్కుకుపోయినవాళ్ళు అంతా గన్నవరం తగలాల్సిందే. ఈ మండలంలో కొన్ని లంకలకి వరదల్లో ఇప్పటికీ పడవే దిక్కు.

వంట సంగతి కాస్త వివరంగా చెప్పాలి. పొగిడేవాళ్ళు 'అన్నపూర్ణ' అనేసి ఊరుకుంటారు, పొయ్యి దగ్గర జరిగేది చెప్పరు. వందమందికి పది కిలోల బియ్యం చాలని వంటవాళ్ళ లెక్క. అది పులిహోర, బూరెలు పడే పెళ్ళి విస్తరి లెక్క. పొద్దుటి నుంచి నడిచొచ్చినవాడికి, పడవ లాగినవాడికి అది చాలదు, పదిహేను దాకా పట్టుకోవాలి. పాత బియ్యమైతే బాగా ఒదుగుతాయి. కొత్త బియ్యం ఒదగవు సరికదా, ఏమరితే ముద్దయిపోతాయి.

గుండిగలో ఎసరు తెర్లుతున్నప్పుడే కడిగిన బియ్యం పోయాలి. చల్లటి నీళ్ళలో పోస్తే అడుగున పేరుకుని మాడతాయి. ఒక మెతుకు వేళ్ళ మధ్య నొక్కి చూసి, లోపల సన్నగా పలుకు ఉండగానే వార్చేయాలి. పెద్ద గుండిగ వేడి దించాక కూడా ఉడికిస్తూనే ఉంటుంది. పూర్తిగా ఉడికాక వారుద్దామంటే వడ్డించేసరికి గంజీ అన్నం ఏకమవుతాయి. మూతికి గుడ్డ కట్టి, ఇద్దరు రెండు పక్కలా పట్టి వంచాలి. చేతులు కాలేది ఇక్కడే, గంజి వల్ల కాదు, ఎదురొచ్చే ఆవిరి వల్ల. వార్చాక నిప్పుల మీద పావుగంట ఉమ్మగిలనిచ్చి, చాప మీద తడిపి పిండిన గుడ్డ పరిచి అన్నం రాశి పోయాలి. గుండిగలోనే వదిలేస్తే పైబరువుకి అడుగు అన్నం చితికిపోతుంది.

ఇదంతా మనిషి లెక్క ముందే తెలిసిన వంట. అర్ధరాత్రి తలుపు తట్టినవాళ్ళకి గుండిగ ఎక్కించి లాభం లేదు. నివురు కప్పిన నిప్పు, తోడు వేసిన పెరుగు, జాడీల్లో ఆవకాయ, మాగాయ, దండిగా వడియాలు ఉండాలి. కందిపప్పు ఉడికేదాకా ఆకలి ఆగదు. పెసరపప్పు చప్పున ఉడుకుతుంది. పప్పు దించేలోపు చిన్న గిన్నెలో అన్నం వార్చుకోవచ్చు, పులుసు పొయ్యి ఎక్కకుండానే పచ్చిపులుసు అయిపోతుంది. ఇలా రోజూ, దశాబ్దాల తరబడి, 1909లో కన్నుమూసేదాకా! 1903లో ఢిల్లీలో ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకపు దర్బారుకి పిలిచినా వెళ్ళలేదని, ఫోటో మాత్రం తీసి పంపారని చెబుతారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడి మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరు పెట్టింది.

గన్నవరంలో పదింటికల్లా బయల్దేరితే మంచిది. వంతెన దాటి నగరం, తాటిపాక, రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది దాదాపు గంటన్నర. మధ్యాహ్నం గుడి తలుపులు కాసేపు వేస్తారు, ఆలస్యమైతే గుమ్మంలో కూర్చోవాల్సిందే. మాఘశుద్ధ దశమి రాత్రి స్వామి కల్యాణం, ఏకాదశి నాడు రథం. ఆ రెండు రోజులూ బళ్ళు దూరంగానే ఆపేస్తారు, ముసలివాళ్ళతో వెళ్ళేవాళ్ళు మామూలు రోజు చూసుకోండి. పాత రథం 2020 సెప్టెంబరులో కాలిపోయింది, ఇప్పుడున్నది ఆ తరవాత చేయించింది. దర్శనం అయ్యాక గోదారి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా వెళ్ళాలి. ఎండ వేళ ఇసకలో చెప్పులు లేకుండా నడవకండి. నీటిలో దిగేముందు అక్కడి పల్లెవాళ్ళని అడగండి, లోపలికి లాగే చోట్లు వాళ్ళకే తెలుసు.

పశ్చిమానికి పోయేవాళ్ళకి సఖినేటిపల్లి రేవులో నరసాపురం దాటించే పంటు, అంటే బల్లకట్టు లాంటి పెద్ద పడవ ఉంది, కార్లు కూడా ఎక్కిస్తారు. వరదొస్తే ఆపేస్తారు. వచ్చిన దారినే తిరిగి వెళ్ళేవాళ్ళు మాత్రం పెరుగన్నం మూట కట్టుకోండి. గన్నవరం చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర దాటిందా, హోటళ్ళు కట్టేసి ఉంటాయి.