రక్తపిశాచి అని ముద్రపడిన మెర్సీ బ్రౌన్

రక్తపిశాచి అనగానే మన కళ్ళ ముందుకొచ్చేది నల్ల కోటు, కొండ మీద కోట, ఎక్కడి నుంచో వచ్చిన పరాయి దొర. ఆ దర్జా అంతా రచయితలు తొడిగిందే, 1819లో పొలిడోరి కథలో లార్డ్ రుత్వెన్, 1897లో బ్రామ్ స్టోకర్ డ్రాక్యులా, ఆ తర్వాత సినిమాలు. పల్లెల్లో జనం భయపడింది మాత్రం దొరలకి కాదు, తమ ఇంట్లోనే చనిపోయిన వాళ్ళకి.

అమెరికాలో రోడ్ ఐలాండ్ రాష్ట్రం, ఎక్సెటర్ ఊరు. జార్జ్ బ్రౌన్ అనే రైతు ఇంట్లో 1883లో భార్య పోయింది, మరుసటి ఏడాది ఒక కూతురు, 1892 జనవరిలో 19 ఏళ్ళ మెర్సీ. ముగ్గురినీ తీసుకుపోయింది క్షయే. కొడుకు ఎడ్విన్ కూడా అదే జబ్బుతో చిక్కి శల్యమైపోతుంటే, పోయిన వాళ్ళలో ఎవరో అతని ప్రాణం లాగేస్తున్నారు, సమాధులు తవ్వి చూడాలి అని ఊళ్ళోవాళ్ళు పట్టుబట్టారు. తండ్రికి నమ్మకం లేదు, అయినా ఒప్పుకున్నాడు. మార్చి 17న చూస్తే తల్లీ అక్కల శరీరాలు పాడైపోయాయి, మెర్సీ చెక్కుచెదరలేదు, గుండెలో రక్తం ఉంది. చనిపోయి రెండు నెలలు, అదీ గడ్డకట్టే చలిలో! ఇందులో వింతేమీ లేదని డాక్టరు చెప్పినా ఎవరూ వినలేదు. గుండె, కాలేయం తీసి కాల్చి, ఆ బూడిద కలిపి ఎడ్విన్ చేత తాగించారు. మే 2న అతనూ పోయాడు.

దీన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. ఒకరు పోయాక అదే ఇంట్లో ఇంకొకరు పాలిపోయి, రక్తం కక్కుకుని పోతున్నారన్నది వాళ్ళు సరిగ్గానే చూశారు, కారణం దగ్గరే తప్పారు. జర్మన్ శాస్త్రవేత్త కోచ్ 1882లోనే క్షయ క్రిమిని కనిపెట్టాడు నిజమే, కానీ దాన్ని చంపే మందు స్ట్రెప్టోమైసిన్ దొరికింది 1943లో. మందే లేనప్పుడు, కళ్ళెదుట కొడుకు కరిగిపోతున్నప్పుడు ఆ తండ్రి ఇంకేం చేస్తాడు?

రోడ్ ఐలాండ్ ఉన్న న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలోని ఇలాంటి నమ్మకాల గురించి 1896లో వచ్చిన పత్రిక కత్తిరింపు ఒకటి స్టోకర్ కాగితాల్లో దొరికింది. అతని నవలలో డ్రాక్యులా కాటుకి గురైన లూసీ అనే అమ్మాయి రోజురోజుకీ రక్తం లేక నీరసించే పేజీలు చదువుతుంటే నాకు క్షయ వార్డే కనిపిస్తుంది. ఇప్పుడేమో జనం దెయ్యాల సరదా కోసం మెర్సీ సమాధి దగ్గరికి వెళ్తున్నారు, ఒకసారి ఆ రాయినే ఎత్తుకుపోయారు కూడా, అందుకే ఇనుప పట్టీతో బిగించి ఉంచారు. అది చదివితే నాకు చాలా కోపం వస్తుంది, చిన్న వయసులో జబ్బు చేసి పోయిన ఆడపిల్ల ఆమె.