మైలాపూరు కపాలీశ్వరుణ్ణి పడమటి వాకిలి నుంచి చూడాలి

ఊళ్లనుంచి చెన్నై వచ్చిన మనవాళ్లు మైలాపూరు గుడికి ఆటో మాట్లాడుకుంటే, సాధారణంగా తూర్పు గోపురం ముందు దిగుతారు. ఏడంతస్తులు, సుమారు 120 అడుగుల ఎత్తు, అడుగడుగునా రంగులద్దిన సున్నపు బొమ్మలు. అదే సింహద్వారం అనుకోవడంలో తప్పేమీ లేదు. కానీ అది స్వామికి వెనక వైపు. ఇక్కడ కపాలీశ్వరుడు పడమటి ముఖంగా ఉంటాడు. ధ్వజస్తంభం, బలిపీఠం, నంది, కోనేరు అన్నీ పడమటే. తూర్పు గోపురం 1906లో లేచింది, వయసులో గుడికంటే చాలా చిన్నది. అటునుంచి లోపలికి వెళ్తే మొదట గుడి వెనక గోడ కనిపిస్తుంది, ఉపాలయాలు వరస తప్పి ఎదురవుతాయి, తీరా ధ్వజస్తంభం దగ్గరికి చేరేసరికి సగం ప్రదక్షిణ అయిపోయి ఉంటుంది. అందుకని ఈసారి కోనేటి వైపున్న చిన్న గోపురం నుంచే మొదలుపెట్టాను.

సెంట్రల్ స్టేషన్‌లో రైలు దిగినవాళ్లు రోడ్డు దాటి పార్క్ టౌన్ స్టేషన్‌కు వెళ్లి, వేళచ్చేరి వైపు వెళ్లే లోకల్ ఎక్కాలి. దిగాల్సిన స్టేషన్ బోర్డు మీద ‘మైలాపూరు’ అని ఉండదు, ‘తిరుమయిలై’ అని ఉంటుంది. కొత్తవాళ్లు ఇక్కడే పొరపడి ముందుకు వెళ్లిపోతారు. ఆ స్టేషన్ నిలబడి ఉన్నది బకింగ్‌హాం కాలువ మీద. బాపట్ల జిల్లా పెదగంజాం దగ్గర కృష్ణా కాలువలతో కలిసే కాలువ ఇదే. ఒకప్పుడు మన తీరం నుంచి సరుకు పడవల మీద మద్రాసుకు ఈ దారినే చేరేది. ఇప్పుడు కిందికి చూస్తే బాధ కలుగుతుంది. స్టేషన్ నుంచి కోనేటికి పది నిమిషాల నడక. మెట్రో తవ్వకాల వల్ల దగ్గరలోని లస్ కూడలి చుట్టుపక్కల దారులు మళ్లించారు కాబట్టి ఆటోకంటే నడకే నయం.

వేళ సంగతి ముందే చెప్పాలి. ఉదయం ఆరు నుంచి పన్నెండు దాకా, సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది దాకా అని లెక్క పెట్టుకుంటే ఇబ్బంది ఉండదు. మెరీనా చూసుకుని ఒంటిగంటకు వచ్చేవాళ్లు మూసిన తలుపులు చూసి వెళ్తారు. తిరుపతిలా పొద్దంతా దర్శనం ఉంటుందనుకోవడం వల్ల వచ్చే చిక్కు ఇది. తెరిచి ఉన్న వేళలోనూ అభిషేకం అయ్యాక అలంకారానికి తెర వేస్తారు, అది తీసేదాకా ఆగాల్సిందే. పదకొండు దాటితే ప్రాకారంలో బండలు కాలిపోతాయి, చిన్నపిల్లలు అడుగు వేయలేరు. ఏడింటి లోపు చేరడం అన్నిటికంటే మేలు. ఒక్క ఫొటోల విషయంలోనే లెక్క వేరు: పొద్దున కోనేటి గట్టు నుంచి తీస్తే సూర్యుడు గోపురాల వెనక ఉంటాడు, బొమ్మలన్నీ నల్లగా పడతాయి. నీళ్లలో నీడతో సహా పడాలంటే సాయంత్రం నాలుగు దాటాక పడమటి గట్టున నిలబడాలి. తూర్పు గోపురం బొమ్మలు దగ్గరగా తీయాలంటే మాత్రం పొద్దుటి ఎండే కావాలి. సన్నిధుల లోపల ఫోన్ తీయకూడదు. నిక్కర్లతో రావద్దు. పంచె, పైజామా, ప్యాంటు ఏవైనా సరే. హిందువులు కాని స్నేహితులు వెంట ఉంటే బయటి ప్రాకారమంతా తిరగవచ్చు, సన్నిధి లోపలికి మాత్రం పంపరు. ఆ మాట వాళ్లకు ముందే చెప్పి తీసుకురావడం మర్యాద.

అర్చన చేయించే చోట మనవాళ్లు తడబడేది నక్షత్రం దగ్గర. గురుక్కళ్ (ఇక్కడి శివాలయాల అర్చకులను అలాగే పిలుస్తారు) గోత్రం, నక్షత్రం, పేరు అడుగుతారు. సంస్కృతం పేరు చెప్పినా ఆయనకు తెలుస్తుంది. రద్దీలో మన ‘పుబ్బ’, ‘మఖ’ వినిపించక మళ్లీ మళ్లీ అడగాల్సి వస్తుంది. ఇవి గుర్తుపెట్టుకుంటే చాలు: ఆర్ద్ర ఇక్కడ తిరువాదిరై, పుష్యమి పూసం, ఆశ్లేష ఆయిల్యం, మఖ మగం, పుబ్బ పూరం, ఉత్తర ఉత్తిరం, అనూరాధ అనుషం, జ్యేష్ఠ కేట్టై, పూర్వాషాఢ పూరాడం, ఉత్తరాషాఢ ఉత్తిరాడం, శ్రవణం తిరువోణం, ధనిష్ఠ అవిట్టం, శతభిషం సదయం, పూర్వాభాద్ర పూరట్టాది, ఉత్తరాభాద్ర ఉత్తిరట్టాది. మిగతావి వినగానే పోల్చుకోవచ్చు.

పడమటి వాకిలి దాటగానే ధ్వజస్తంభం. సాష్టాంగ నమస్కారం ఇక్కడ చేయాలి, లోపలి సన్నిధుల ముందు కాదు. తిన్నగా ముందుకు వెళ్తే స్వామి ఎదురుగా ఉంటాడు. అమ్మవారు కర్పగాంబాళ్ దక్షిణ ముఖంగా ఉంటుంది కనుక మన ఎడమ చేతి వైపు వస్తుంది. ఒకే మండపంలో నిలబడి ఇద్దరినీ చూడవచ్చు. శ్రీశైలంలో స్పర్శదర్శనానికీ, మన ఊళ్లలో శివరాత్రినాడు స్వయంగా నీళ్లు పోయడానికీ అలవాటుపడినవాళ్లకు ఇక్కడ కాస్త వెలితిగా ఉంటుంది. తమిళనాట ఆగమ పద్ధతిలో గర్భగుడిలోకి భక్తులు అడుగుపెట్టరు, లింగాన్ని ముట్టుకోరు. శివాలయంలో శఠగోపం కూడా పెట్టరు. తలవంచి నిలబడితే గురుక్కళ్ విభూతి చేతికిచ్చి వెళ్లిపోతారు, అది నిర్లక్ష్యం కాదు. అమ్మవారి దగ్గర కుంకుమ ఇస్తారు. పెట్టుకోగా మిగిలిన విభూతిని స్తంభాల మీద, బొమ్మల ఒళ్లో రాల్చేయకండి. శిల్పాల మడతల్లో పేరుకుపోయి ముఖకవళికలే చెరిగిపోతాయి. ఒక కాగితం ముక్క జేబులో పెట్టుకుంటే పొట్లం కట్టి ఇంటికి తెచ్చుకోవచ్చు.

లోపలి ప్రాకారంలో అరవై ముగ్గురు నాయనార్ల (తమిళ శివభక్తుల) విగ్రహాలు వరసగా ఉంటాయి. చాలామంది వాటి పక్కనుంచి చకచకా నడిచిపోతారు. ఇక్కడ కనీసం పావుగంట ఆగాలి. పోల్చుకునే గుర్తులు కొన్ని తెలిస్తే ఆ వరస మాట్లాడటం మొదలుపెడుతుంది. అందరూ నిలబడి ఉండగా ఒక్కరే కూర్చుని ఉంటే ఆవిడ కారైక్కాల్ అమ్మైయార్. భుజానికి గడ్డి చెక్కే పార ఆనించుకున్న ముసలాయన అప్పర్. గుడి ప్రాకారాల్లో కలుపు తీయడమే ఆయన సేవ. పసివాడి రూపంలో ఉన్నది జ్ఞానసంబంధర్. విల్లు పట్టిన వేటగాడు మన కాళహస్తి తిన్నడు, ఇక్కడ కణ్ణప్ప నాయనార్. వీళ్లలో వాయిలార్ ఈ మైలాపూరు వాడే. రాయీ సున్నం లేకుండా మనసులోనే శివుడికి గుడి కట్టి, మౌనంగా పూజ చేసుకున్నాడని ఆయన కథ.

బయటి ప్రదక్షిణ పడమటి నుంచి ఉత్తరానికి తిరిగి, తూర్పూ దక్షిణమూ చుట్టి మళ్లీ ధ్వజస్తంభం దగ్గర ముగుస్తుంది. తూర్పు గోపురం దగ్గర నర్తన వినాయకుడు, ప్రాకారంలోనే వేరుగా ఆరుముఖాల సింగారవేలర్, శనీశ్వరుడు, నవగ్రహాలు. ముఖ్యంగా చూడాల్సింది స్థలవృక్షం. తమిళంలో పున్నై, మనకు పొన్నచెట్టు. ఆ చెట్టు కింద చిన్న గుళ్లో నెమలి రూపంలో అమ్మవారు శివలింగాన్ని పూజిస్తూ ఉంటుంది. స్వామి పంచాక్షరి ఉపదేశిస్తుంటే పార్వతి మనసు ఆడే నెమలి మీదికి పోయిందట. ఆ శాపంతో ఆడనెమలిగా పుట్టి ఈ పొన్న కింద తపస్సు చేసిందని స్థలపురాణం. మయిల్ అంటే నెమలి, ఊరి పేరు దాన్నుంచే. పొన్న సముద్రతీరపు చెట్టు. కోనసీమలో, మచిలీపట్నం వైపు పెరిగినవాళ్లు ఆ దళసరి నున్నటి ఆకును చూడగానే గుర్తుపడతారు.

ఆ చెట్టు ఇక్కడ ఎందుకుందో అర్థం కావాలంటే గుడి పాత చోటు తెలియాలి. ఏడో శతాబ్దపు జ్ఞానసంబంధర్, పదిహేనో శతాబ్దపు అరుణగిరినాథర్ ఇద్దరూ పాడిన మైలాపూరు గుడి సముద్రం ఒడ్డున ఉండేది. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువారు శాంథోమ్‌లో స్థిరపడ్డాక అది నేలమట్టమైంది. ఇప్పుడు చూస్తున్న గుడి తరవాత లోపలికి జరిగి కట్టుకున్నది, వయసు సుమారు మూడు వందల ఏళ్లు. పాత గుడి శాసనపు రాళ్లు కొన్ని శాంథోమ్ చర్చి ఆవరణలో బయటపడ్డాయి. గుడి నుంచి చర్చి కిలోమీటరు దూరం లోపే ఉంటుంది. తూర్పుగా నడుస్తూ పోతే, సముద్రం ఎంత దగ్గరో కాళ్లకే తెలుస్తుంది. పల్లవుల కాలపు రాళ్లను వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఈ గుళ్లో నిరాశపడకూడదు. ఇక్కడ పాతది పాట, క్రతువు, తిరునాళ్ల వరస. రాయి కొత్తది.

ఆ మాటకు రుజువు ప్రాకారంలోనే ఉంది, పూంపావై గుడి. శివనేశర్ అనే వర్తకుడి కూతురు పూంపావై పాము కాటుకు చనిపోతే, ఆయన అస్థికలను, బూడిదను కుండలో దాచి సంబంధర్ కోసం ఎదురుచూశాడు. సంబంధర్ వచ్చి పాడిన పదిగంలో (పది పద్యాల పాటలో) ఒక్కో పద్యం ఒక్కో పండగను తలచుకుంటుంది. ఐప్పసి ఓణం చూడకుండానే పోతావా పూంపావై, కార్తికదీపాలు చూడకుండానే పోతావా, మార్గళి తిరువాదిరై, తై పూసం, మాసి సముద్రస్నానం, పంగుని ఉత్తిరం, ఇవేవీ చూడకుండానే పోతావా అని అడుగుతాడు. పాట పూర్తయ్యేసరికి కుండ పగిలి పిల్ల లేచి వచ్చిందని కథ. తండ్రి పెళ్లి చేసుకోమంటే, ప్రాణం పోసినవాణ్ణి కనుక తండ్రినయ్యానని సంబంధర్ కాదన్నాడు. పైన చెప్పిన నక్షత్రాల పేర్లు ఇక్కడ మళ్లీ పనికొస్తాయి: ఓణం శ్రవణం, పూసం పుష్యమి. ఐప్పసి, మార్గళి, తై, మాసి, పంగుని తమిళ నెలలు. ఏడో శతాబ్దంలో ఈ ఊరి పండగల క్యాలెండర్ ఒక పాటలో అలాగే నిలిచి ఉంది. తై పూసానికి కోనేట్లో తెప్పోత్సవం ఇప్పటికీ జరుగుతోంది.

వాటిలో పెద్దది పంగుని బ్రహ్మోత్సవం, పది రోజులు. మూడో రోజు పొద్దున్నే అధికార నంది వాహనం, అయిదో రాత్రి రిషభ వాహనం, ఏడో రోజు తేరు. ఎనిమిదో రోజు ఉదయం పూంపావై ఘట్టం, మధ్యాహ్నం అరువత్తుమూవర్, అంటే అరవై ముగ్గురు నాయనార్లు పల్లకీల్లో స్వామి వెంట మాడవీధుల్లోకి వస్తారు. తేదీల దగ్గర తెలుగు పంచాంగాన్ని నమ్ముకుంటే తప్పిపోతుంది. పంగుని సౌరమాసం, మార్చి నడుమ నుంచి ఏప్రిల్ నడుమ దాకా. అందువల్ల ఉత్సవం ఒక ఏడు మన ఫాల్గుణ పున్నమికి, మరో ఏడు చైత్ర పున్నమికి ముగుస్తుంది. అరువత్తుమూవర్ 2024లో మార్చి 23న వస్తే 2025లో ఏప్రిల్ 10న వచ్చింది. రైలు టికెట్ తీసేముందు తమిళ పంచాంగంలో ధ్వజారోహణం తేదీ చూసి, దాన్ని ఒకటిగా లెక్కపెట్టి ఎనిమిదో రోజు పట్టుకోవాలి. ఆ మధ్యాహ్నం మాడవీధుల్లోకి బండ్లు రావు, దారి పొడవునా మజ్జిగ, పానకం పంచుతారు. పెద్దవాళ్లను, పసిపిల్లలను తీసుకొస్తే పన్నెండుకే వీధి అరుగో మెట్లో చూసుకుని కూర్చోబెట్టాలి. రెండు దాటాక జనాన్ని తోసుకుని అటు ఇటు మారడం కుదరదు. అంత రద్దీ పడనివాళ్లకు మూడో రోజు అధికార నందే మంచిది. తెల్లవారుజామున అయిదున్నరకు వచ్చి నిలబడితే వాహనాన్ని కళ్లారా చూడవచ్చు. త్రయోదశి సాయంత్రాలు ప్రదోషానికి కూడా గుడి కిటకిటలాడుతుంది. తీరిగ్గా చూడాలనుకునేవాళ్లు ఆ రోజు మానుకోవాలి.

గుడి అయ్యాక ఉత్తర మాడవీధి ఒకసారి నడవాలి. దసరాకు ముందైతే వీధంతా బొమ్మల కొలువు బొమ్మలే. మట్టివా, కాగితపు గుజ్జువా అడిగి కొనండి. రైల్లో తీసుకెళ్లడానికి కాగితపువి తేలిక, పగలవు. కాళత్తి పేపరు కొట్టులో రోజ్‌మిల్క్ తాగనిదే మాడవీధి నడక పూర్తికాదని ఇక్కడివాళ్ల నమ్మకం.

ఇంకో గంట ఉంటే లస్ వైపు వెళ్లాలి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఇల్లు శ్రీబాగ్ ఆ ప్రాంతంలోనే ఉండేది. కోస్తా, రాయలసీమ నాయకులు 1937 నవంబరు 16న అక్కడే ఒడంబడిక రాసుకున్నారు. ఆయన పేరు మీద లస్ చర్చి రోడ్డులో ఉన్న పార్కులో చెట్ల నీడ బాగుంటుంది. అక్కడినుంచి రాయపేట హైరోడ్డు పట్టుకుంటే 126వ నంబరు ఇల్లు. బులుసు సాంబమూర్తిగారి ఆ ఇంట్లో పొట్టి శ్రీరాములుగారు 1952 అక్టోబరు 19న దీక్ష మొదలుపెట్టి, 58వ రోజు డిసెంబరు 15 రాత్రి ప్రాణం విడిచారు. ఇప్పుడది స్మారక భవనం. రోడ్డు మీద వేగంగా వెళ్తే కంటపడదు, నంబర్లు చూసుకుంటూ నెమ్మదిగా నడవాలి. నాలుగింటికి గుడి తలుపులు మళ్లీ తెరిచేలోగా ఇవన్నీ చూసి కోనేటి పడమటి గట్టుకు తిరిగి రావచ్చు. అప్పటికి ఎండ గోపురాల మీదికి తిరిగి ఉంటుంది.