దిమ్మె లేని గుర్రం

"ఇంతకీ మంచివాడా, చెడ్డవాడా? ఒక్క ముక్కలో చెప్పు." జార్జియాలోని గేన్స్‌విల్‌లో, అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని నిలబెట్టుకోవాలని పోరాడిన దక్షిణాది రాష్ట్రాల సేనాని జేమ్స్ లాంగ్‌స్ట్రీట్ సమాధి చూసి వచ్చిన రాత్రి అన్నం కలుపుకుంటూ మా వారు అడిగిన ప్రశ్న ఇది. అడిగిన మనిషి జవాబు వినకుండానే పెరుగు గిన్నె అందుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. నలభై మైళ్లు కారు నడిపినందుకు నా కథను ఒక్క ముక్కకు కుదించే హక్కు వచ్చినట్టు!

ఆ మాటకొస్తే అత్తయ్యగారే నయం. మూడేళ్ల క్రితం పెన్సిల్వేనియాలో దక్షిణాది ఓడిన గెటీస్‌బర్గ్ యుద్ధభూమికి తీసుకువెళ్లినప్పుడు, సేనానులు చాలామంది ఎత్తైన దిమ్మెల మీద కనిపిస్తుండగా, 1998లో పెట్టిన ఈయన విగ్రహం మాత్రం చెట్ల మధ్య నేల మీదే ఉండటం చూసి, ఆవిడ నేరుగా వెళ్లి కంచు గుర్రం మూతి నిమిరి, "ఈయనకేమిటమ్మాయ్, దిమ్మె కట్టలేదు?" అన్నారు. దాదాపు మైలు పొడవున్న ఆ మైదానం చూపించి, 1863 జూలై 3న ఈ దాడి వద్దని లాంగ్‌స్ట్రీట్ ఎంత చెప్పినా సైన్యాధిపతి లీ వినలేదనీ, "కదలమంటారా?" అని కింది సేనాని పికెట్ వచ్చి అడిగితే లాంగ్‌స్ట్రీట్ నోట మాట రాక తల మాత్రం ఊపాడనీ, సుమారు 12,500 మంది కదిలితే సగానికి పైగా చచ్చో, గాయపడో, పట్టుబడో పోయారనీ చెప్పాను. ఆవిడకు అదేమీ పట్టలేదు. 1862 జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో రిచ్‌మండ్‌లో స్కార్లెట్ జ్వరంతో అతని పిల్లలు ముగ్గురు రోజుల తేడాలో పోయారన్నప్పుడు మాత్రం చెంగుతో కళ్లు ఒత్తుకున్నారు.

దిమ్మె సంగతికి వస్తే, యుద్ధం ముగిశాక అతడు ఉత్తరాది నేత లింకన్ పార్టీ అయిన రిపబ్లికన్ పార్టీలో చేరాడు. 1874 సెప్టెంబరులో న్యూ ఆర్లీన్స్ వీధుల్లో నల్లజాతి సైనికులూ ఉన్న దళాలకు నాయకత్వం వహించి తెల్లవారి పెత్తనం కోసం ఆయుధాలు పట్టిన వైట్ లీగ్ మూకలను ఎదిరించి, దెబ్బతిని, పట్టుబడ్డాడు. దక్షిణాది దాన్ని క్షమించలేదు. ఒకప్పటి తోటి సేనాని జూబల్ ఎర్లీ వంటివారు, 1870లో లీ కన్నుమూశాక, గెటీస్‌బర్గ్ ఓటమిని కూడా ఇతని నెత్తినే రుద్దారు.

కనుక "మంచివాడే" అని రాసి పడుకుందామని కూర్చున్నాను. కాని చేయి ఆగిపోయింది. 1863 జూలై 1న, అంటే ఆ తల ఊపుడుకు రెండు రోజుల ముందు, అతని తరఫున సహాయాధికారి సోరెల్ పికెట్‌కు పంపిన ఉత్తర్వులో, పట్టుకున్న "కాంట్రాబాండ్ల"ను వెంట తీసుకురావాలని ఉంది. సరుకు గురించి చెప్పినట్టున్న ఆ మాటకు అర్థం మనుషులు. బానిసత్వం నుంచి పారిపోయి వచ్చినవారనీ, స్వేచ్ఛగానే పుట్టినవారనీ తేడా లేకుండా, పెన్సిల్వేనియా ఊళ్లలో చేతికి చిక్కిన నల్లవారిని ఆ సైన్యం దక్షిణానికి తరలించింది. ఈ ఉత్తర్వుకు మాత్రం అతని కార్యాలయంలో మాటలు కరువు కాలేదు.

మా వారిని అంటున్నాను గాని, ఆ రోజు అత్తయ్యగారికి పిల్లల కథ చెప్పి ఇది దాచింది నేనే. ఎండ ఎక్కువగా ఉందని సాకు చెప్పుకున్నాను. రేపు ఫోన్ చేసినప్పుడు చెప్పాలి.