చిక్కుడుకాయలు, ఆండీ కాఫ్‌మన్

ఆదివారం, రాత్రి పదకొండున్నర.

ఇస్త్రీ అబ్బాయి ఇవాళ కూడా రాలేదు. భోజనాలయ్యాక అమ్మ రేపటి బాక్సులోకని చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చుని, "ఏదైనా నవ్వుకునేది పెట్టవే" అంది. జిమ్ క్యారీ అంటే అమ్మకు సరదా. పేరు నోరు తిరగదు, "మొహం సాగదీసే అబ్బాయి" అంటుంది. ఎప్పటి నుంచో చూద్దామనుకుంటున్న 'మ్యాన్ ఆన్ ద మూన్' పెట్టాను. మిలోష్ ఫోర్మన్ 1999లో తీసిన సినిమా. ఆండీ కాఫ్‌మన్ అనే అమెరికన్ కమెడియన్ కథ, ఆండీగా జిమ్ క్యారీ.

పెట్టిన కాసేపటికే సినిమా అయిపోయింది. నిజంగానే. నలుపు తెలుపుల్లో ఆండీ వచ్చి, ఈ సినిమా ఏం బాగాలేదు, నా జీవితంలో ముఖ్యమైనవన్నీ డ్రామా కోసం అటూ ఇటూ మార్చేశారు, అందుకే చెత్తంతా తీసేశాను, ఇక అయిపోయింది, వెళ్లండి అంటాడు. రికార్డు పెడతాడు, పేర్లు పడతాయి, తెర నల్లబడుతుంది. అమ్మ "ఇంతేనా?" అని లేవబోయింది. నేను నెట్ పోయిందేమోనని రిమోట్ వెతుకుతున్నాను. అప్పుడు మెల్లగా తొంగిచూసి, నన్ను అర్థం చేసుకోలేనివాళ్లను పంపించెయ్యడానికే అలా చేశానంటాడు. మేమిద్దరం దాదాపు వెళ్లిపోయిన బాపతే.

ఇక అక్కడి నుంచి తర్జుమా చెప్పడమే నా పని. మాటలైతే చెప్పగలిగాను, నవ్వు ఎక్కడుందో చెప్పలేకపోయాను. 1975లో 'సాటర్డే నైట్ లైవ్' అనే అమెరికన్ టీవీ కామెడీ షో మొట్టమొదటి ఎపిసోడ్‌లో ఇతను మైటీ మౌస్ కార్టూన్ పాట రికార్డు పెట్టి ఊరికే నిలబడ్డాడు. 'ఇదిగో వచ్చేశా కాపాడటానికి' అనే ఒక్క ముక్క వచ్చినప్పుడు మాత్రం చెయ్యెత్తి దర్జాగా పెదాలు కదిపాడు. మళ్లీ దిక్కులు చూస్తూ నిలబడ్డాడు. జనం విరగబడి నవ్వారు. 'టాక్సీ' సీరియల్లో లాట్కా అనే మెకానిక్‌గా పేరొచ్చాక, ఒక కాలేజీలో పిల్లలు ఆ గొంతు చెయ్యమని అరుస్తుంటే, 'ద గ్రేట్ గాట్స్‌బీ' నవల తీసి మొదటి పేజీ నుంచి చదువుతూ కూర్చుంటాడు.

"పురాణం చెప్పినట్టా?" అంది అమ్మ.

"ఆ. ఎవరూ చెప్పమనకుండా."

ఆడవాళ్లతో కుస్తీలు పట్టే భాగం దగ్గర అమ్మ తల తిప్పేసుకుంది. నాకూ నచ్చలేదు. వేషమే కావచ్చు, ఆ నోటి దురుసు మాత్రం వినడానికి నిజంగానే ఉంది. 1982లో మెంఫిస్‌లో జెర్రీ లాలర్ అనే మల్లయోధుడు ఇతణ్ణి తలకిందులుగా పట్టి రింగులో కుదేశాడు. కొన్ని నెలలకు లెటర్‌మన్ అనే ఆయన టీవీ షోలో చెంప పగలగొట్టాడు. ఇద్దరూ కూడబలుక్కుని ఆడిన నాటకమని బయటపడింది ఆండీ పోయిన పదేళ్లకు గానీ కాదు. ఆ 1982 నవంబరులోనే ఇతణ్ణి ఉంచాలా పంపాలా అని 'సాటర్డే నైట్ లైవ్' వాళ్లు ఫోన్లలో ఓట్లడిగితే 1,95,544 మంది పంపమన్నారు, 1,69,186 మంది ఉంచమన్నారు. మళ్లీ ఆ షోలో స్టేజి ఎక్కలేదు.

అమ్మ చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టేసింది. "మా ఊళ్లోకి పగటివేషగాళ్లొచ్చేవాళ్లు" అని మొదలుపెట్టింది. ఓసారి ఒకడు కోర్టు అమీను వేషంలో వచ్చి, జప్తు అంటూ ఇత్తడి బిందెలు లెక్క రాసుకుంటుంటే తాతయ్యకు ముచ్చెమటలు పోశాయట. నాలుగు రోజుల తర్వాత రంగులన్నీ కడుక్కుని వరసగా గుమ్మం ముందు నిలబడి, "అమీనుగారికి సంభావనండీ" అన్నారట. తాతయ్య తిట్టి, నవ్వి, కుంచెడు ధాన్యం కొలిపించి పంచె కూడా ఇచ్చాడట.

"ఆఖరి రోజు చెప్పేసేవాళ్లే. వీడేంటే, ఎప్పటికీ చెప్పడూ?"

ఈ మనిషి మీద ఇంతవరకు నేను చదివినవాటిలో ఎక్కడా తగలని మాట, చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టుకుని అమ్మ అనేసింది. ఆండీకి సంభావన రోజు లేదు. తిట్లు పుచ్చుకున్నాడు గానీ వేషం కడుక్కుని గుమ్మం ముందుకు రాలేదు. అందుకే ఊపిరితిత్తుల క్యాన్సర్ అన్నప్పుడు సినిమాలో సొంతవాళ్లకే నమ్మబుద్ధి కాదు. నాన్నా పులి. చివరికి ఫిలిప్పీన్స్‌లో ఉత్త చేతులతో ఆపరేషన్ చేస్తామనే వాళ్ల దగ్గరికి వెళ్లి పడుకుంటాడు. ఆపరేషన్ చేసే మనిషి అరచేతిలో ముందే దాచుకున్న మాంసం ముక్క కంటపడుతుంది. పక్కున నవ్వుతాడు. జిమ్ క్యారీ ఆ నవ్వొక్కటి చాలు, మిగతా సినిమా లేకపోయినా. (షూటింగంతా ఆండీలాగానే ఉండి అందర్నీ ఏడిపించాడట. దాని మీద 2017లో డాక్యుమెంటరీ కూడా వచ్చింది. ఇద్దరి పుట్టినరోజూ జనవరి 17.) ఆండీ 1984 మేలో పోయాడు. 35 ఏళ్లు.

జబ్బు సంగతి తెలిశాక, కార్నెగీ హాల్లో పెద్ద ప్రదర్శన ఇచ్చి, జనాన్నంతా బస్సులెక్కించి పాలు, బిస్కెట్లు తినిపించడానికి తీసుకెళ్తాడు. అక్కడ అమ్మ పమిట చెంగుతో కళ్లు తుడుచుకుంది. "పిచ్చివాడు కాదే, పిల్లాడు" అంది. నాకూ గొంతు పట్టేసింది.

అమ్మ పడుకున్నాక ఫోన్లో వెతికితే, కార్నెగీ హాల్ సంగతి 1979 ఏప్రిల్ 26న జరిగింది. పోవడానికి ఐదేళ్ల ముందు. అప్పటికి జబ్బూ లేదు, వీడ్కోలూ లేదు, ఉత్త సరదా. ఆ పాల గ్లాసులు మా చేత ఏడిపించడానికే చివరికి జరిపారన్నమాట. ఎవరికీ ఏదీ తేల్చి చెప్పని మనిషికి వీళ్లు చక్కగా ఒక సంభావన రోజు ఏర్పాటు చేసిపెట్టారు. కోపమొచ్చింది. కాసేపటికి సినిమా మొదట్లో మాట గుర్తొచ్చింది. అన్నీ మార్చేశారు, వెళ్లిపొండి అని అతను ముందే చెప్పాడు కదా. మేమే కూర్చున్నాం.

అమ్మకు ఈ తారీఖు సంగతి చెప్పాలా వద్దా తేలలేదు. పొద్దున్న చూద్దాం. చిక్కుడుకాయలు సగం నార తియ్యకుండానే పళ్లెంలో ఉన్నాయి. బాక్సులోకి బంగాళదుంపల వేపుడే.