చెయ్యి ఎవరిది? తకరజుక నుంచి తొకివా-సో వరకు

గుళ్లూ గోపురాలూ వదిలేసి బొమ్మల పుస్తకాలు చూడడానికి జపాన్ వెళ్లే మనిషిని మిమ్మల్నే చూశానని మా ఆవిడ విమాన టికెట్లు తీసిన రోజునే అన్నది. ఆమె తమ్ముడు ఒసాకాలో నాలుగేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు కనుక బసకు, తోడుకు లోటు లేదు. అతడికి వీడియో గేములంటే ప్రాణం, నాకు కామిక్స్ అంటే ప్రాణం. సైన్స్ ఫిక్షన్ విషయానికి వచ్చేసరికి ఇద్దరమూ కలుస్తాం, కలిసిన వెంటనే వాదించుకుంటాం. అలా నవంబరులో ఒక వారం రోజులు మేమిద్దరం చేసిన ప్రయాణం ఇది.

ఒసాకాలోని ఉమెదాలో హన్‌క్యూ వారి ముదురు ఎరుపు రైలెక్కితే ముప్పావు గంటలోపే తకరజుక వస్తుంది. స్టేషను నుంచి ‘హనా నో మిచి’ అనే పూలబాట వెంట నడిస్తే ముందుగా తకరజుక నాటకశాల, ఆ తర్వాత మాంగా, అంటే జపాన్ కామిక్స్, గీసిన ఒసాము తెజుకా పేరిట ఉన్న మాంగా మ్యూజియం కనిపిస్తాయి. ఈ రెండూ పక్కపక్కన ఉండడం ఊరికే జరగలేదు. 1914లో తొలి ప్రదర్శన ఇచ్చిన తకరజుక బృందంలో అన్ని పాత్రలూ, మగవేషాలు సహా, ఆడవాళ్లే కడతారు. తెజుకా ఈ ఊళ్లో పెరిగాడు. తల్లి చేయి పట్టుకుని ఈ ప్రదర్శనలు చూశాడు. మగపిల్లవాడిగా పెరిగే రాకుమారి కథ ‘రిబన్ నో కిషి’ అందులోంచే పుట్టింది. స్థానం నరసింహారావు గారి సత్యభామను చూసి పరవశించిన తాతల మనుమలం కనుక వేషం మార్చిన పాత్ర మనకు వింత కాదు. కానీ ఆ వేషాన్ని పిల్లల పత్రికలోకి తెచ్చి, బాలికల కోసం సుదీర్ఘమైన సాహసకథగా నడపవచ్చునని 1950లలో ఒక యువకుడికి తోచడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మ్యూజియం 1994లో తెరిచారు. అప్పటికి తెజుకా పోయి ఐదేళ్లు. వాకిట్లో అగ్నిపక్షి విగ్రహం, నేల మీద ఆయన సృష్టించిన పాత్రల చేతిముద్రలూ కాలిముద్రలూ ఉన్నాయి. లోపల గొట్టాల్లాంటి పొడవాటి గాజు పేటికల్లో ఆయన జీవితాన్ని వరుసగా అమర్చారు. నేను ఎక్కువసేపు నిలబడింది చిన్ననాటి పురుగుల బొమ్మల దగ్గర. జపనీస్ లిపిలో ఒసాము అనే పేరుకు ఒకే అక్షరం చాలు. ‘ఒసాముషి’ అనే నేలపురుగు మీద మక్కువతో దానికి ‘పురుగు’ అనే అక్షరాన్ని తనే తగిలించుకున్నాడు. అంటే ఆ సంతకంలోనే ఒక పురుగు దాగి ఉంది. ఆయన వైద్యం చదివి, 1961లో నత్తల వీర్యకణాల మీద పరిశోధనకు డాక్టరేట్ కూడా పొందాడన్న సంగతి తెలిసినవారికి ఆ బొమ్మల్లోని కాళ్ల గీతలు ఎంత కచ్చితంగా ఉన్నాయో చూడగానే అర్థమవుతుంది.

ఇక ఆటమ్, ఆయన సృష్టించిన మరబాలుడు. ‘తెత్సువాన్ ఆటమ్’ 1952లో పత్రికలో మొదలైంది, 1963 జనవరి 1న టీవీకి వచ్చింది. లక్ష అశ్వశక్తి, పాదాల్లో జెట్లు, ఏడు శక్తులు అంటూ అందరూ చెప్పేది నాకు ముఖ్యం కాదు. కారు ప్రమాదంలో కొడుకును పోగొట్టుకున్న డాక్టర్ తెన్మా అచ్చం ఆ బిడ్డలాంటి యంత్రాన్ని చేసుకుంటాడు. ఏళ్లు గడిచినా అది ఎదగడం లేదని విసుగుపుట్టి సర్కసుకు అమ్మేస్తాడు. సైన్స్ ఫిక్షన్ అంటే నా దృష్టిలో ఇదే: ఒక అసాధ్యమైన యంత్రాన్ని కథలోకి తెచ్చి, దాని ముందు మనిషి ఎంత చిన్నవాడవుతాడో చూపించడం. మా బావమరిది దీన్ని ఒప్పుకోడు. యంత్రం ఎలా పనిచేస్తుందో చెప్పని కథ సైన్స్ ఫిక్షన్ కాదు, జానపదమేనని అతడి వాదం. జానపదమైతే మాత్రం తక్కువేమిటని నేను. మ్యూజియం మెట్ల మీద ఈ వాదన అరగంట సాగింది.

అభిమానినైనంత మాత్రాన అన్నీ మెచ్చుకోనక్కరలేదు. వారం వారం అరగంట కార్టూన్ ఇవ్వడానికి తెజుకా బొమ్మల సంఖ్య తగ్గించాడు, పెదవులు మాత్రమే కదిలే దృశ్యాలు పెంచాడు, టీవీ సంస్థకు చాలా తక్కువ ధరకు ఒప్పుకున్నాడు. ఆ ఒప్పందపు బరువు తర్వాతి తరాల యానిమేటర్ల జీతాల మీద పడిందన్న విమర్శ బలంగా ఉంది. ఆయన పోయిన ఏడాదే యానిమేషన్ దర్శకుడు హయావో మియాజాకి ఈ విషయాన్ని మొహమాటం లేకుండా రాశాడు. తెజుకా స్టూడియో ముషి ప్రొడక్షన్ 1973లో దివాలా తీసింది కూడా. కాగితం మీద దేవుడు, లెక్కల్లో మాత్రం మనలాంటివాడే.

రెండో అంతస్తులోని గ్రంథాలయంలో ఆయన ‘బుద్ధ’ జపనీస్ సంపుటాలు తిరగేశాను. 1972 నుంచి 1983 దాకా నడిచిన ఆ కథను నేను ఇంగ్లీషులో చదివి ఉన్నాను కనుక భాష రాకపోయినా బొమ్మలను బట్టి ఎక్కడున్నానో తెలుస్తూనే ఉంది. జంతువుల మనసులోకి దూరగల తత్త అనే పిల్లవాడు ఏ బౌద్ధ గ్రంథంలోనూ లేడు. అయినా కులం అంటే ఏమిటో సిద్ధార్థుడి కంటే ముందు వాడి ద్వారానే పాఠకుడికి తెలుస్తుంది. అమరావతి శిల్పాలు చూస్తూ పెరిగిన గుంటూరు జిల్లావాణ్ణి కాబట్టి, మొదట చదివినప్పుడు ఈ బుద్ధుడి కథలో హాస్యపు తునకలేమిటని చిరాకు పడ్డాను. రెండోసారి చదివాక ఆ చిరాకు పోయింది. శిల్పి కూడా ఎక్కడో ఒక మూల ఒక పొట్టి మరుగుజ్జును నవ్వుతూ చెక్కుతాడు గదా.

క్యోటోలోని అంతర్జాతీయ మాంగా మ్యూజియం గురించి ఎక్కువ చెప్పను. పాత ప్రాథమిక పాఠశాల భవనంలో 2006లో పెట్టిన గ్రంథాలయం అది. గోడల వెంట వేల కొద్దీ పుస్తకాలు, తీసుకుని బయట పచ్చిక మీద పడుకుని చదువుకోవచ్చు. అక్కడ నన్ను ఆపింది ఒక్కటే: మాంగా గీసేవారి చేతులకు పోతపోసిన నమూనాలు. కలం పట్టుకున్న భంగిమలో ఉన్న ఆ చేతులకు ముఖాలు లేవు, కానీ ప్రతి చేతి కిందా ఒక పేరు ఉంది. మా వాడికి అది కొంచెం భయం కలిగించింది. నాకు మాత్రం ఇన్నాళ్లూ నా అభిమానానికి లేని ఆకారం దొరికినట్టయింది. నేను కథల వెంట తిరుగుతున్నాననుకున్నాను. నిజానికి చేతుల వెంట తిరుగుతున్నాను.

మర్నాడు క్యోటో దగ్గరి ఉజి. అక్కడి వీడియో గేముల సంస్థ నింటెండో మ్యూజియానికి అడిగిన రోజున టికెట్ దొరకదు. మూడు నెలల ముందే లాటరీలో పేరు వేయాలి. మా వాడు వేశాడు, తగిలింది. ఒగురా స్టేషనులో దిగి ఐదారు నిమిషాలు నడిస్తే, 1969లో కట్టిన పాత కర్మాగారాన్నే మార్చి 2024 అక్టోబరు 2న తెరిచిన ఈ భవనం వస్తుంది. 1889లో క్యోటోలో హనఫుదా పేకముక్కలు చేయడంతో మొదలైన సంస్థ కనుక, పై అంతస్తు ప్రదర్శనలో పేకలు కూడా ఉన్నాయి. అక్కడ ఫొటోలు తీయనివ్వరు. అది మంచిదే, జనం కళ్లతో చూస్తారు.

కింద ఆటల హాలు. ప్రవేశంతో పాటు పది నాణేలు ఇస్తారు. నాణెం అంటే కార్డులో లెక్క మాత్రమే. ఒక్కో ఆటకు కొన్ని ఖర్చవుతాయి కనుక అన్నీ ఆడలేం, ఏది వదులుకోవాలో ఎంచుకోవాలి. మనిషంత కంట్రోలరును ఇద్దరు పట్టుకుని ఆడే ఆటలో నేను దిశల మీట, అతడు దూకే మీట. నేను ముందుకు నెట్టినప్పుడు అతడు దూకడు, అతడు దూకినప్పుడు నేను ఆగిపోతాను. “బావా, మీరు వంతెన కట్టేలోపు నేను మునిగిపోతున్నాను” అని నవ్వాడు. నేలంతా తెరలుగా మారే మరో ఆటలో నూరుగురు కవుల పద్యాల్లో ఒకటి చదువుతారు, ఆ పద్యం ఉన్న ముక్కను వెతికి అందుకోవాలి. పద్యం ఎత్తుకోగానే మిగతాది అందుకునే మన పాత బడి పోటీలు గుర్తొచ్చాయి. భాష రాక ఒక్కటీ దొరకలేదు.

పై అంతస్తులో గున్‌పెయ్ యొకోయ్ వస్తువులన్నీ ఉన్నాయి. పేకముక్కల కర్మాగారంలో యంత్రాల మరమ్మతు చూసుకునే ఉద్యోగిగా 1965లో చేరిన ఈయన, ఖాళీ సమయంలో సరదాకి చేసుకున్న సాగే చెయ్యిని యజమాని హిరోషి యమౌచి చూసి సరుకుగా చేయమన్నాడు. 1966లో వచ్చిన ఆ ‘అల్ట్రా హ్యాండ్’ పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. ఆ తర్వాత చేతిలో పట్టుకుని ఆడే ఆటయంత్రాలు: 1980లో గేమ్ అండ్ వాచ్, 1989లో గేమ్ బాయ్. వాడివాడి నలిగిపోయి, చవకబడిన సాంకేతికతను పక్కకు తిప్పి కొత్త పనికి వాడాలన్నది ఆయన సూత్రం. పోటీ సంస్థలు రంగుల తెరలతో వచ్చినప్పుడు వెనక దీపమైనా లేని నలుపు తెలుపు తెరతో, నాలుగు చిన్న బ్యాటరీలతో గేమ్ బాయ్ వాటిని దాటిపోయింది. మన పల్లెల్లో పాత స్కూటరు ఇంజనుతో నీళ్లు తోడే యంత్రం చేసే మెకానిక్కుకు ఈ సూత్రం విడమరిచి చెప్పనక్కరలేదు. ఆయన 1996లో సంస్థను విడిచాడు, 1997లో రోడ్డు ప్రమాదంలో పోయాడు.

ఆ అద్దాల వెనక సాగే చెయ్యి ఉంది; దాన్ని చేసిన చెయ్యి పేరు కోసం నేను చుట్టూ వెతికాను. నా కంటికి కనపడలేదు. వస్తువులే మాట్లాడాలని, వివరణలు తక్కువగా ఉంచడం ఆ మ్యూజియం ఎంచుకున్న పద్ధతి. మా వాడు దాన్ని గట్టిగా సమర్థించాడు. ఒక ఆటను వందమంది చేస్తారు, ఒకరి పేరు రాస్తే తొంభైతొమ్మిది మందికి అన్యాయం జరుగుతుందని అతడి మాట. తను రాసిన ప్రోగ్రాము కింద తన పేరు ఎక్కడుందని ఎదురు ప్రశ్న కూడా వేశాడు. అతడి వాదంలో బలం ఉంది, కాదనను. కానీ 1970ల చివర అటారీ సంస్థ ఆటల పెట్టెల మీద రచయితల పేర్లు వేయనప్పుడు వారెన్ రాబినెట్ అనే ప్రోగ్రామరు ‘అడ్వెంచర్’ అనే తన ఆటలో ఒక రహస్య గది కట్టి అందులో తన పేరు దాచాడు. పేరు అక్కరలేదనుకుంటే ఆ గది ఎందుకు కడతాడు? దానికి మా వాడు వెంటనే జవాబు చెప్పలేదు. క్యోటో నుంచి టోక్యో వెళ్లే షింకన్‌సెన్‌లో, ఫూజీ కొండ మేఘాల్లో ఉండి కనపడని నిరాశలో, “ఆ గది దొరికినవాళ్లకు మాత్రం పండగే కదా బావా” అన్నాడు. అది ఒప్పుకోలో కాదో తెలియలేదు.

టోక్యోలో మా పని తొకివా-సో ఒక్కటే. 1952లో కట్టిన రెండంతస్తుల చెక్క అద్దె ఇల్లు అది; 1953లో తెజుకా అందులోకి వచ్చాడు, వెనకే ఒక్కొక్కరుగా కొత్త చిత్రకారులు చేరారు. అసలు కట్టడాన్ని 1982లో కూల్చేశారు. ఇప్పుడున్నది పాత ఫొటోల సాయంతో దగ్గరలోని పార్కులో కట్టి 2020లో తెరిచిన ప్రతిరూపం. ప్రతిరూపాల మీద నాకు సాధారణంగా నమ్మకం లేదు, కానీ చెక్కమెట్లు ఎక్కుతుంటే కిర్రుమన్నప్పుడు ఆ అపనమ్మకం కాస్త సడలింది. ఒక్కో గది నాలుగున్నర చాపలంత. వంటగది, మరుగుదొడ్డి అందరికీ ఉమ్మడి. స్నానశాలకు వెళ్లలేక ఆ చిత్రకారుల్లో ఇషినోమొరి, అకత్సుక ఇద్దరూ ఈ వంటగది సింకులోనే ఒళ్లు కడుక్కునేవారన్న కథ ప్రసిద్ధం. సింకు వెడల్పు చూసిన మా వాడు నమ్మలేదు.

పద్నాలుగో నంబరు గది తెజుకాది. ఆయన ఖాళీ చేస్తూ తన బల్లనూ, అడ్వాన్సు సొమ్మునూ తర్వాత చేరిన ఇద్దరు కుర్రాళ్లకు వదిలి వెళ్లాడు. ఆ ఇద్దరే ఫుజికో ఫుజియో. మన పిల్లలు టీవీలో తెలుగు మాటలతో చూసే డోరేమాన్ ఆ జోడీ సంతకంతోనే వచ్చింది. గీసింది ప్రధానంగా హిరోషి ఫుజిమోతో అయినా, చిన్ననాటి స్నేహితులిద్దరూ చాలా ఏళ్లపాటు ఒకే పేరు వాడుకుని, 1980ల చివర విడిపోయాకే ఎవరి పేరు వారు విడిగా పెట్టుకున్నారు. ఇదే ఇంట్లో కొన్ని నెలలున్న ఏకైక మహిళా చిత్రకారిణి హిదెకో మిజునో, ఇషినోమొరి, అకత్సుకలతో కలిసి మూడు పేర్ల మొదటి అక్షరాలూ వచ్చేలా ఒక ఉమ్మడి కలం పేరుతో కథలు గీసింది. పేరును దాచడం వేరు, పేరును పంచుకోవడం వేరని ఆ ఇరుకు గదుల్లో నిలబడినప్పుడు నాకు తట్టింది. పార్కులోని స్మారకం మీద ఆ ఇంటివాళ్ల స్వీయ రేఖాచిత్రాలు, వాటితో పాటు సంతకాలు ఉన్నాయి. ఒక్కొక్కదాన్నీ వేలితో తడిమి చూశాను.

ఆ చిత్రకారులు తిన్న చైనీస్ హోటలు ‘మత్సుబా’ ఇప్పటికీ నడుస్తోంది. అక్కడ రామెన్ కోసం కూర్చున్నప్పుడు మాటల్లో చందమామ వచ్చింది. బొమ్మల మూలల్లో చిత్రా, శంకర్, వపా సంతకాలు కనపడేవని, నాకు అక్షరాలు రాకముందే ఆ సంతకాలు వచ్చునని చెప్పాను. తన చిన్నప్పుడు మా మామగారు అట్టపెట్టెలో దాచిన పాత సంచికల్లో ‘తోకచుక్క’ సీరియలు చదివానని మా వాడు గుర్తుచేసుకున్నాడు. అది రాసినవారెవరో తెలుసా అని అడిగాను.

“కుటుంబరావు గారు కదా?”

“కాదు. దాసరి సుబ్రహ్మణ్యం గారు. దశాబ్దాల పాటు అక్కడే ఉద్యోగం చేసి అలాంటి సీరియళ్లు రాశారు. సంచికలో ఆయన పేరు వేయలేదు.”

మా వాడు చాప్‌స్టిక్స్ గిన్నె మీద పెట్టి, ఫోను తీసి, స్పెల్లింగ్ ఏమిటని అడిగాడు.