చాంపర్ వెళ్ళిపోకూడదు

మా అమ్మాయి ఆ సినిమాను చివరిదాకా చూడదు. డైనోసార్ పిల్లలు ఆడుకుంటున్నంతసేపూ, గుడ్డు పగిలి చాంపర్ బయటికొచ్చినప్పుడూ సోఫా అంచుకు జరిగి మరీ చూస్తుంది. వాడి అమ్మానాన్నలు వాడిని వెతుక్కుంటూ లోయలోకి వచ్చే ఘట్టం రాగానే రిమోట్ అందుకుంటుంది. "అయిపోయింది" అంటుంది. ఇంకా ఉంది కదా తల్లీ అంటే, "నాకు అయిపోయింది" అంటుంది.

ఆ సినిమా 'ది ల్యాండ్ బిఫోర్ టైమ్' రెండో భాగం. 1994లో థియేటర్లకు రాకుండా నేరుగా వీడియోగా విడుదలైంది. 1988లో వచ్చిన మొదటి భాగానికి డాన్ బ్లూత్ దర్శకుడు, స్పీల్‌బర్గ్, జార్జ్ లూకాస్ వెనకుండి తీయించారు. అందులో లిటిల్‌ఫుట్ అనే పొడుగు మెడ పిల్ల కళ్ళముందే వాడి తల్లి చనిపోతుంది. రెండో భాగం నుంచి బ్లూత్ లేరు. పాటలు వచ్చి చేరాయి, భయం తగ్గింది. అక్కడి నుంచి 2016 దాకా మొత్తం 13 సీక్వెల్స్ తీశారు.

వీటి గురించి పెద్దవాళ్ళెవరిని కదిపినా ఒకటే మాట, మొదటిదే సినిమా, మిగతావన్నీ సాగతీత అని. చిన్నప్పుడు మొదటి భాగాన్ని థియేటర్లో చూసి ఏడ్చానని చెప్పే మా ఎదురింటావిడదీ అదే మాట, మా ఆయనదీ అదే మాట. బొమ్మలో ఆ పనితనం లేదనీ, ప్రతి కష్టానికీ ఒక పాట పెట్టి చల్లార్చేశారనీ వాళ్ళ ఫిర్యాదు. బొమ్మ గురించి నేనూ ఒప్పుకుంటాను. మొదటి భాగంలో ఎండిన నేల, దుమ్ము పట్టిన ఆకాశం చూస్తుంటే మనకే గొంతు ఆరిపోతుంది. రెండో భాగంలో అంతా పచ్చగా, నున్నగా ఉంటుంది.

కానీ కథ సంగతి వేరు. ఆకులు తినే పిల్లలు ఎవరిదో తెలియని గుడ్డును ఇంటికి తెచ్చుకుంటారు. పుట్టింది మాంసం తినే జాతి పిల్ల. లిటిల్‌ఫుట్ వాడికి చాంపర్ అని పేరు పెట్టి, తానే పెంచాలని చూస్తాడు. వాడు కొరుకుతాడు, అయినా వాళ్ళతోనే ఆడతాడు. తీరా కన్నవాళ్ళు వెతుక్కుంటూ వస్తే వాళ్ళతో వెళ్ళిపోతాడు. పిల్లల సినిమాలో ఇంతకంటే పెద్ద విషయం ఏం కావాలి? ఒక చోట పుట్టి, ఇంకో చోట పెరిగి, ఎవరివాడో తేలని పిల్లాడి కథ ఇది. పాటలున్నాయన్న కారణంతో దీన్ని పక్కన పడేసే వాళ్ళతో నాకు పేచీ ఉంది.

అందుకే ఒక శనివారం పట్టుబట్టాను. ముగింపు చూడాల్సిందే, నేను పక్కనే ఉంటాను అన్నాను. పిల్లలు కష్టమైన సీన్లు మనతో కలిసి చూడాలి, తర్వాత దాని గురించి మాట్లాడుకోవాలి అని తోటి తల్లులకు చెప్పేదాన్నే నేను. చాంపర్ వెళ్ళిపోతున్నంతసేపూ మా అమ్మాయి కుషన్‌లో మొహం దాచుకుంది. తర్వాత తల ఎత్తకుండానే అడిగింది.

"వాళ్ళమ్మ పిలిస్తే వాడు ఫ్రెండ్స్‌ని వదిలేసి వెళ్ళిపోవాలా?"

వాళ్ళమ్మ కదా నాన్నా అన్నాను.

"మీరు ఇండియా వెళ్ళిపోతే నేనూ రావాలా?"

ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. అమెరికా గ్రీన్‌కార్డు క్యూ గురించి మాట్లాడుకోని రోజు మా ఇంట్లో ఉండదు. ఏటా ఇచ్చే కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం మించకూడదన్న లెక్కలో ఇండియా వాళ్ళ వంతు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "ఇంకెంతమ్మా, వచ్చేస్తాం" అంటాను. ఇక్కడే పుట్టి, ఇక్కడి పాస్‌పోర్ట్ ఉన్న పిల్ల పక్కన కూర్చుని రంగులేసుకుంటూ అదంతా వింటుంది. ఆ మాట నాకు ధైర్యం. దానికి మాత్రం లోయలోకి దిగుతున్న అడుగుల చప్పుడులా వినిపిస్తోందని ఆ రోజు అర్థమైంది.

సినిమాలో పెంచాలని చూసేవాళ్ళు వేరు, వచ్చి పిలిచేవాళ్ళు వేరు. మా ఇంట్లో రెండూ మేమే. స్కూల్ కచేరీలో ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టేదీ మేమే, ఇది మన ఊరు కాదు అన్నట్టు మాట్లాడేదీ మేమే.

పోయిన వేసవిలో అమ్మ తెనాలి నుంచి వచ్చినప్పుడు అయిదో భాగం పెట్టాను. 1997లో వచ్చిందది. చాలామంది దాన్ని సముద్రం, దీవి అంటూ కాలక్షేపానికి తీసిన సినిమాగా చూస్తారు. నాకు మాత్రం అన్ని సీక్వెల్స్‌లోకీ అదే ఇష్టం. పురుగుల దండు లోయలో పచ్చదనమంతా తినేస్తే, మేత వెతుక్కుంటూ బయల్దేరిన పిల్లలు ఒక దీవిలో చిక్కుకుపోతారు. అక్కడ చాంపర్ మళ్ళీ కనిపిస్తాడు. ఇప్పుడు వాడికి అమ్మానాన్నల భాషా వచ్చు, ఫ్రెండ్స్ భాషా వచ్చు. కానీ ఫ్రెండ్స్ వచ్చిన సంగతి ఇంట్లో చెప్పడు. కంపు కొట్టే పూలతో వాళ్ళ వాసన తెలియకుండా చేస్తాడు. ఆ సీన్ చూస్తుంటే నా కడుపులో కలుక్కుమంది. ఇంకో పదేళ్ళకు నా కూతురు నా దగ్గర ఎవరిని దాచాల్సి వస్తుందో! అలా దాచక్కర్లేని ఇల్లే మాది అని నేను అనుకుంటాను. చాంపర్ తల్లి కూడా అలాగే అనుకుని ఉంటుంది.

అమ్మకు ఇంగ్లీషు రాదు. "ఏమంటున్నాడే వాడు?" అని అడుగుతుంటే మనవరాలు ఒళ్ళో పడుకుని, వచ్చీరాని తెలుగులో చెబుతూ పోయింది. వేరే పెద్ద జంతువు మీదపడితే చాంపర్ అమ్మానాన్నలే ఆ పిల్లల్ని కాపాడతారు. అది చూసి అమ్మ "చూశావా, వాడి స్నేహితులంటే వాళ్ళకూ ఇష్టమే" అంది. నా కూతురు వెంటనే అంది, "ముందు తెలీదు అమ్మమ్మా. వాడు చెప్పాక తెలిసింది."

అంతకుముందు హైదరాబాద్ వెళ్ళినప్పుడు బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం చూపించాం. ప్రాణహిత, గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలవి. కనీసం 12 జంతువులవట. యాదగిరి అనే శాస్త్రవేత్త దానికి పేరు పెట్టింది కూడా మొదటి సినిమా వచ్చిన 1988లోనే. పొడుగు మెడ చూసి "లిటిల్‌ఫుట్!" అని అరిచి, దాని కాళ్ళ దగ్గరి నుంచి కదలనంది. ఆ ట్రిప్పులో దోమలు, ఎండ, కొత్త మొహాల మధ్య మా అమ్మాయికి తనది అనిపించింది ఆ ఎముకల గూడొక్కటే. మళ్ళీ వెళ్దామని అది అడిగిన చోటూ అదొక్కటే.

పిల్ల ముందు ఇండియా మాట ఎత్తొద్దని మా ఆయన అంటారు. ఎత్తకపోతే రేపు నిజంగా వెళ్ళాల్సి వచ్చినప్పుడు ఒక్కసారిగా ఎలా చెప్తాం అని నేనంటాను. పిల్లలతో అన్నీ మాట్లాడాలి అన్న నా పాత సలహా మీద నాకు ఇంకా నమ్మకం పోలేదు. కానీ వెళ్తామో లేదో మాకే తెలియనప్పుడు మాట్లాడాల్సిందేమిటో తేలడం లేదు. కుషన్‌లోంచి అడిగిన ఆ ప్రశ్నకు అప్పుడు "నువ్వు లేకుండా మేం ఎక్కడికీ వెళ్ళం" అన్నాను. అది నిజమే. మా అమ్మాయి అడిగింది మాత్రం దాని గురించి కాదు.