పాప నిద్ర లేవకుండా ట్యూబ్ ఆంప్

రాత్రి పదయ్యాక ఫ్లాట్‌లో కూడా ట్యూబ్ ఆంప్ (వాక్యూమ్ ట్యూబులతో నడిచే గిటార్ ఆంప్లిఫయర్) టోన్ రాబట్టొచ్చని ఇప్పుడు నమ్మకంగా చెప్పగలను. నాది ఫెండర్ బ్లూస్ జూనియర్, 15 వాట్లు. ఇంకా చిన్న ఆంప్ కొనుక్కో అంటారు చాలామంది. కానీ 15 వాట్లను 1.5కి తగ్గించినా మన చెవికి చప్పుడు దాదాపు సగమే తగ్గినట్టు ఉంటుంది!

నేను చేసేదల్లా మాస్టర్ (చివరి చప్పుడును అదుపు చేసే నాబ్) బాగా దించి, ముందు దశను నడిపే వాల్యూమ్ నాబ్‌ను సగం దాటించడం. అప్పుడు ముందుండే 12ఏఎక్స్7 ట్యూబులు గరగరలాడతాయి. స్పీకర్‌కి పవర్ ఇచ్చే ఈఎల్84 ట్యూబుల మీద మాత్రం అంత ఒత్తిడి పడదు, కాబట్టి ఆ నిండుదనం కొంత తగ్గుతుంది. అదీ కావాలంటే ఆంప్‌కీ స్పీకర్‌కీ మధ్య అటెన్యుయేటర్ (పవర్‌లో కొంత తాను మింగేసి చప్పుడు తగ్గించే పెట్టె) పెట్టాల్సిందే. (స్పీకరో, దాని బదులు పవర్‌ను మింగే లోడో లేకుండా ట్యూబ్ ఆంప్‌ను అసలు వాయించకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.)

తక్కువ సౌండ్‌లో బాస్ మన చెవికి సరిగ్గా అందదు. ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే ఇది కొలిచి చూపించారు. అందుకే బాస్ కాస్త పెంచి, ఆంప్‌ను గోడ మూలకు జరుపుతాను. అదురు నేలకు పాకకుండా కింద మడత దుప్పటి వేసి, ఆంప్ ముఖం నా చెవివైపు వంచి పెడతాను.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది గిటార్ మీది వాల్యూమే. పదిలో ఉంటే కరుకుగా పలుకుతుంది, ఆరుకి దించితే అదే కార్డ్ (కలిపి మీటే స్వరాలు) తేటగా వినిపిస్తుంది. పిక్ నెమ్మదిగా తగిలిస్తే ఒకలా, గట్టిగా కొడితే ఇంకోలా. ఈ స్పందన కోసమే నేను ట్యూబులు వదల్లేను.